జీలకర్ర పోతే పోనీ

పొద్దున పెరట్లో ధబ్బున కొబ్బరికాయ రాలింది. ఆ చప్పుడికి నా చొక్కాకు కాఫీతో అభిషేకం జరిగింది. మంచం కింద దూరిన మా కుక్క, కాయ మీద నమ్మకం కుదిరేదాకా బయటికి వచ్చేలా లేదు. నాకు మాత్రం సువార్తమ్మ టీచరుగారు గుర్తొచ్చారు.

రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో సండే స్కూలుకీ, పాటల బృందానికీ ఆవిడే మహారాణి. ఆవిడ గొంతెత్తితే కాలవలో నీళ్ళు నిలబడి విని, పొలాలకు ఆలస్యంగా వెళ్ళేవి. వాక్యం కంఠతా అప్పజెప్పాల్సిన ప్రతి ఆదివారమూ నాకు కడుపునొప్పి వచ్చేది. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా జీలకర్ర నీళ్ళు తాగించి, బెంచీ మీద పడుకోబెట్టేవారు.

“నొప్పీ లేదు గిప్పీ లేదండి, నాటకం!” అనేవారు డోలక్ వాయించే ప్రసాదంగారు.

“నాటకమైతే నా జీలకర్ర పోద్దండి. నిజమైతే?”

నా జుట్టు నెరిశాక, ఒకరోజు కొబ్బరికాయ ఆవిడ తలకు రాసుకుంటూ పడింది. మామూలు కాయే, నేను చెప్పేటప్పుడు గుమ్మడికాయంత అవుతుంది. స్కాన్ బాగానే ఉందన్నారు. కాని నెలలు గడిచినా వెలుతురు కళ్ళలో గుచ్చుకునేది, డోలక్ మోగితే తల పగిలిపోయేది, తాను నేర్పిన పాటలోనే రెండో చరణం మాయమయ్యేది. ప్రాక్టీసు మధ్యలో లేచి వెళ్ళిపోయేవారు. కొబ్బరికాయకు కళ్ళుంటాయనీ, ఎవరి మీద పడాలో దానికి తెలుసనీ మా కోనసీమ నమ్మకం. కనుక తప్పు కాయది కాదు, కింద నిలబడ్డ మనిషిదే.

“స్కానింగే బాగుందన్నాక ఇంకేంటండి? అంతా బెట్టు!” అన్నారు ప్రసాదంగారు. క్రిస్మస్ పాటలు ఇంకెవరికైనా అప్పగిద్దామన్న మాటా పుట్టింది.

ఒక సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి, “ఒరే అబ్బాయ్, ఊరికే చేస్తన్నానేమోరా నేను?” అన్నారు. ఎవర్నీ అనుమానించని మనిషి తనను తాను అనుమానించుకుంటుంటే నా నోట జోకు రాలేదు. ఊరు పుట్టాక అది మొదటిసారి.

పట్నంలో మెదడు డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన కొత్తరకం రక్తపరీక్ష చేయించారు.

“మెదడు కణాలు దెబ్బతింటే వాటి ప్రోటీన్లు కొన్ని రక్తంలోకి వస్తాయండి. స్కానులో కనపడనిది ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. పరీక్ష ఇంకా పరిశోధనలోనే ఉంది, దాన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చెయ్యం. కాని మీ రక్తంలో అవి ఉండాల్సినదానికన్నా ఎక్కువున్నాయి. మీ బాధలన్నీ కలిపి చూస్తే, ఆ దెబ్బ ప్రభావం ఇంకా పోలేదనే అనుకుంటున్నాను.”

“అయితే నేను నాటకమాడట్లేదాండీ?”

“లేదమ్మా.”

ఆవిడ పమిటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. జబ్బుందని తేలినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తర్వాతి ప్రాక్టీసుకు ప్రసాదంగారు డోలక్‌కు దుప్పటి చుట్టి, చంటిపిల్లాణ్ణి తెచ్చినట్టు తెచ్చారు.

“చప్పుడు ఎక్కువైతే చెప్పండి టీచరుగారూ, ఇంకోటి చుడతాను.”

“ఆయ్, ఏమీ వినపడట్లేదండి.”

“నాకూ వినపడట్లేదండి!”

అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడ మెల్లగా అన్నారు: “రక్తం చెప్పకముందు నేను చెప్పేను కదండీ, ప్రసాదంగారూ.”

ఆయన తలవంచుకుని దుప్పటి ముడి సర్దుకున్నారు. ఆ క్రిస్మస్‌కు ఆవిడే పాడించారు, దీపానికి దూరంగా కుర్చీ వేసుకుని. రెండో చరణం మేమందించాం.

ఆవిడ ఇప్పుడు లేరు. ఇవాళ మా అమ్మాయికి లెక్కల పరీక్ష. సరిగ్గా బస్సు వేళకు కడుపు పట్టుకుని కూర్చుంది.

“నాటకం,” అంది మా ఆవిడ.

నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టి, జీలకర్ర డబ్బా మూత తీశాను.