ముప్పై మూడు అంగుళాల టైర్లు

మా ఇంట్లో ఆ టైర్ల పంచాయితీ మూడు వారాలు నడిచింది. పెట్టాలని నా కొడుకు, వద్దని నేను. మధ్యలో నా భార్య మంచం మీద వాచిన కాళ్లు చాపుకుని కూర్చుని మా ఇద్దరినీ చూసి నవ్వేది. అసలు ఆ పాత జీపు కొన్నది ఆమె కోసమే.

ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మేం బతకడానికి వలస వచ్చిన ఈ బమ్రోలిలో మా గల్లీ పల్లంలో ఉంటుంది. వానాకాలంలో ఖాడీ, అంటే ఊళ్లోంచి పారే ఆ మురికి వాగు, పొంగిందంటే గల్లీలో నడుము లోతు నీళ్లు. బండి కొనక ముందు ఏడాది రెండు రోజులు ఆ నీళ్లు దిగలేదు. డయాలసిస్ తప్పింది. రెండో రోజు సాయంత్రానికి ఆమె పడుకోలేక గోడకు ఆనుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తూ కూర్చుంది. మూడో రోజు పొద్దున ఎవరిదో ట్రాక్టర్ దొరికితే ట్రాలీలో పరుపు వేసి తీసుకుపోయాం. ఇంకో పూట ఆగి ఉంటే తెచ్చినా లాభం ఉండేది కాదని డాక్టర్ నా మొహం మీదే అన్నాడు. ఆ మాట నాకు కాదు, పోయి నీళ్లకు చెప్పుకో అనాలనిపించింది. మన అవసరం కదా, నోరు మూసుకున్నాను.

అందుకే జీపు. కొడుకు సచిన్ అనే పారిశ్రామికవాడలో, బట్టకు రంగులేసే ఒక డైయింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాడు. బండికి ఉన్న ఇరవై ఎనిమిది అంగుళాల టైర్లు చాలవు, ముప్పై మూడువి వెయ్యాలన్నాడు. ఫోన్‌లో వీడియోలు చూపించాడు. ఎవడో వాగులో బండి దింపి అవతల తేలుతున్నాడు.

నేను ముప్పై ఏళ్లుగా సాంచాలు బాగుచేసే మేస్త్రీని. మర మగ్గాలను మావైపు సాంచాలంటాం. సాంచకు ఒక్క పళ్ల చక్రం మారిస్తే బట్ట నేత అంతా మారిపోతుంది. ఒకటి మార్చి మిగతావి ఉన్నట్టే ఉంటాయనుకునేవాడు ఈ పనికి పనికిరాడు. అదే వాడికి చెప్పాను. టైరు ఐదంగుళాలు పెరిగితే బండి లేచేది రెండున్నరే. మిగతా ఎత్తు కోసం స్ప్రింగులు లేపాలి. లేపితే బండి మలుపులో ఒరుగుతుంది. చక్రం పెద్దదైతే ఇంజిన్‌కు లాగే బలం తగ్గుతుంది. అదే చిన్న బ్రేకు అంత బరువు చక్రాన్ని ఆపాలి. మీటరు యాభై చూపిస్తుంటే బండి దాదాపు అరవైలో పోతూ ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. పైగా ఆర్‌టీవో వాళ్లు పట్టుకుంటే వేరే తలనొప్పి.

వాడు అన్నీ విన్నాడు. విని, "బాపూ, ఖాడీ నీళ్లు నీ బ్రేకులు చూసి ఆగుతయా?" అన్నాడు.

"నీళ్లొచ్చేది ఏడాదికి నాలుగు రోజులురా. మిగిలిన రోజులన్నీ ఈ బండి పొడి రోడ్డు మీదనే తిరగాలె."

"ఆ నాలుగు రోజులల్లనే గదా అమ్మ పానం పోతుండె."

ట్రాక్టర్ ట్రాలీ గుర్తొచ్చింది. అయినా ఓడిపోయినట్టు కనిపించడం ఇష్టం లేక, ఇంజిన్‌కు గాలి పీల్చే గొట్టం పైకి లేపకపోతే ఎంత టైరు వేసినా నీళ్లు మింగి చస్తుందని వాదించాను. వాడు, "అది గూడ లేపుత, టెన్షన్ మత్ లో," అని హిందీ కలిపి కొట్టిపారేశాడు.

అప్పుడు మంచం మీద నుంచి ఆమె అంది. "ఇద్దరు టైరు కొలుస్తున్నరు, బండి కొలుస్తున్నరు. నా మోకాలు ఎంత ఎత్తు లేస్తదో జర కొలవరాదుండ్రి?"

ముగ్గురం నవ్వుకున్నాం. టైర్లు వేశాక నిజంగానే కొలిచాం. ఆమె ఆ ఎత్తుకు కాలు లేపలేకపోయింది. పక్కన మెట్టుగా పైపు వెల్డింగ్ చేస్తానన్నాను. ఎంత కిందికి కడితే ఆమెకు అంత సుఖం. అంత కిందికి వేలాడితే గుంతల్లో తగిలి విరుగుతుంది, అసలు టైర్లు వేసిందే దండగ అని కొడుకు గోల. చివరికి మధ్యలో కట్టాను. గుంతకూ తగలదు, ఆమె కాలికీ సరిగ్గా అందదు. దాన్ని చూసి ఇద్దరం బాగుందనుకున్నాం.

ఆ ఏడాది నీళ్లు వచ్చాయి. కొడుకు నడిపాడు. నీళ్లు బానెట్ దాకా వచ్చినా జీపు గుర్రుమంటూ పోయింది. మేడల మీద నుంచి జనం చూస్తుంటే ఆమె కొంగు సర్దుకుని పెళ్లికి పోతున్నట్టు కూర్చుంది. "నీ బాపు మాట ఇనకపోతివి, బతికిపోతిని," అని కొడుకుతో అంది. నాకు కోపం రాలేదు. ఆ రోజు నాకు చాలా సంతోషమైంది.

నేను భయపడ్డది పొడి రోజుల గురించి. భయపడ్డవాడే జాగ్రత్తగా ఉండాలి కదా. కొన్నాళ్లకు బండి ఎత్తు అలవాటైపోయింది. కొడుకు డ్యూటీలో ఉన్న రోజుల్లో నేనే ఆమెను తీసుకుపోయేవాణ్ణి. దిగేటప్పుడు అటువైపు వెళ్లి చంకల కింద చేతులు వేసి దింపేవాణ్ణి. ఆమెకు అది సిగ్గు. గల్లీలో అందరూ చూస్తున్నారు, నేనే దిగుతా, నువ్వు కూర్చో అనేది. రానురాను నేనూ దిగడం మానేశాను.

ఇక్కడ మా పనివాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. సాంచాల షెడ్డులో మాట వినపడదు. సాంచ వెనక తెగిన పోగులు అతికే మనిషి, ముందున్నవాడికి కనపడడు. అతకడం అయిపోయి చేతులు బయటికి తీశాక ఇనుప చట్టం మీద రెండు దెబ్బలు కొట్టాలి. అప్పుడే ముందున్నవాడు హ్యాండిల్ తోసి సాంచ నడిపిస్తాడు. పెళ్లైన కొత్తలో ఆమె వెనక పోగులు అతికేది, నేను ముందుండేవాణ్ణి. ఎన్ని వేలసార్లు అట్లా చేశామో. రెండు దెబ్బలు పడితే నా చెయ్యి నన్నడగదు, తోసేస్తుంది.

ఆ చప్పుళ్లకు నా చెవులు సగం పోయాయి. జీపు ఎత్తు పెరిగాక, అటువైపు కింద నిలబడిన మనిషి డ్రైవర్ సీటులోంచి కనపడదు. అందుకని ఆమె దిగాక బండి రేకు మీద రెండు దెబ్బలు కొట్టేది. నేను కదిలించేవాణ్ణి. మేం ఇట్లా చేద్దామని మాట్లాడుకోను కూడా లేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం. డయాలసిస్ నుంచి వస్తున్నాం. ఆ రోజు ఆమెకు బీపీ పడిపోయి, అరగంట ఎక్కువ పడుకోబెట్టి పంపారు. ఇంటి ముందు ఆపగానే వెనక బట్ట తాన్ల టెంపో వచ్చి హారన్ మొదలుపెట్టింది. నేను దిగి ఉండాల్సింది. హారన్‌కు చిరాకెత్తి, "జర తొందరగ దిగు," అన్నాను. బండి గేర్‌లోనే ఉంది, కాలు క్లచ్ మీద ఉంది. ఆమె వెనక్కి తిరిగి పైపు మీద కాలు పెట్టింది. అద్దంలో టెంపోవాణ్ణి చూస్తూ తిడుతున్నాను. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. క్లచ్ వదిలాను.

ఆమె దిగలేదు. రెండో కాలికి నేల అందక, జారుతూ పట్టు కోసం చేత్తో రేకును కొట్టుకుంది.

బండి రెండడుగులు పోయి ఆగింది. పరుగెత్తుకుంటూ అటువైపు పోయేసరికి ఆమె ఎడమ చెయ్యి ఒంటి కింద నలిగేలా పడి ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ చేతికే. ఆపరేషన్ చేసి లోపల నరాలు కలిపిన చెయ్యి. దాని మీద వేలు పెడితే ఎప్పుడూ జుమ్మని కొట్టుకునేది. నా చేతిల గూడ సాంచ నడుస్తుందని నవ్వేది. నేను లేపబోతే ఆగమని, కుడి చేతి వేలు అక్కడ పెట్టి చూసుకుంది. మళ్లీ ఇంకోచోట పెట్టి చూసింది.

"ఆగిపోయింది," అంది.

ఎముక విరిగింది. ఎముక అతుకుతుంది. లోపలి నరం మాత్రం గడ్డకట్టి మూసుకుపోయింది. ఎట్లా పడిందని డాక్టర్ అడిగితే నా కంటే ముందు ఆమే చెప్పింది, బండి ఎత్తు, కాలు జారిందని. కొడుకు సచిన్ నుంచి డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. వాడికీ అదే చెప్పింది. వాడు గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

వాడు టీకి పోయినప్పుడు ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు బండి కదిలించినవని పోరనికి చెప్పకు."

"ఎందుకు?"

"వానికి కోపమెక్కువ. నీతోని మాట్లాడుడు బంజేస్తడు. రేపు నేను లేకుంటే ఇంట్ల మీరిద్దరే గదా."

నేను తల ఊపాను. ఆమె కోసం ఊపానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మాట విన్నప్పుడు ముందుగా నా గుండె మీది బరువు దిగిపోయింది. అంత సిగ్గులేనివాణ్ణి.

చెయ్యి పనికిరాకపోతే మెడలో గొట్టం వేశారు. దాంతో డయాలసిస్ నడిచింది. రెండు నెలలకు ఆ గొట్టం దగ్గర చీము పట్టి, చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంతగా వణికింది. గొట్టం తీసి ఇంకోవైపు వేశారు. చీము రక్తంలోకి పోయిందన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రిలోనే చనిపోయింది.

దినాలు అయ్యాక కొడుకు జీపును అమ్మకానికి పెట్టాడు. ఒక కుర్రాడు చూడ్డానికి వచ్చాడు. అతనికి బండి కంటే టైర్లే నచ్చాయి. చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. నా కొడుకు అతనితో హిందీలో అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ టైర్లు వద్దు భాయ్, వీటి మోజులో మా అమ్మను నేనే చంపుకున్నానని. ఆ కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. నేను జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాను. మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మేమిద్దరమే మిగిలాం. వాడు టైరు పక్కన కింద కూర్చున్నాడు.

"నువ్వు మొదట్నుంచి వద్దనే అన్నవ్ బాపూ. బ్రేకులన్నవ్, ఎత్తన్నవ్, అన్ని చెప్పినవ్. నేనే ఇనకపోతి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్లీ రాదు. నోటి దాకా వచ్చింది కూడా. క్లచ్ వదిలింది నేనురా అని మూడు మాటలు. వాడు ఎర్రబడ్డ కళ్లతో నా మొహం వైపే చూస్తున్నాడు.

"పోనియ్ బిడ్డా," అన్నాను. "నీ తప్పేముంది. నేనేమన్న మనసుల పెట్టుకున్ననా?"

వాడు ఏడుస్తూ వంగి నా కాళ్లు పట్టుకున్నాడు. నేను పట్టుకోనిచ్చాను.