లకుముకి వాళ్ళ అమ్మ

రొయ్యల ప్లాంటు బస్సు పేరుపాలెం దాటేసరికి అందులోని ఆడవాళ్ళంతా కునికిపాట్లు పడుతుంటారు. వీరవేణి ఒక్కతే కిటికీ పక్కన ఫోను పట్టుకుని తనలో తాను నవ్వుకుంటూ ఉండేది. పక్క సీటు సంపూర్ణమ్మకి మొదట్లో ఆ నవ్వు మీద అనుమానం. మొగుడు పల్లంరాజు బోటెక్కి వేటకెళ్తే రోజుల తరబడి అజా అయిపూ ఉండదు, ఈవిడేమో పొద్దు పొడవకుండానే ఫోను చూసి ముసిముసి నవ్వులు. ఓ రోజు ఉండబట్టలేక తొంగి చూసింది. ఫోనులో ఓ గొంగళిపురుగు బాసికం కట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చునుంది.

"ఏంటే ఇది?"

"పెళ్ళి పిన్నీ. నాది ఆడపిల్ల తరపు."

"సిన్నపిల్లల ఆటలా ఉందే."

"చిన్నపిల్లల ఆటే," అంది వీరవేణి. పురుగుల పెళ్ళి చూసి నవ్వుకునే మనిషి వల్ల ఊరికి వచ్చే నష్టమేమీ లేదని సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుంది.

రాజమండ్రి నుంచి 'తూనీగ' అని ఓ పిల్లల మాసపత్రిక వస్తుంది. కరోనాలో బడులు మూసేసినప్పుడు ఎడిటరు తాతాజీ గారు పిల్లల కోసం ఫోనులో 'తూనీగ గూడు' అని ఒకటి పెట్టారు. పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పాఠకులు అందులో చేరొచ్చు. చేరినవాళ్ళంతా తలా ఓ పిట్ట పేరు పెట్టుకోవాలి. ఒకరినొకరు ఆ పేరుతోనే పిలుచుకోవాలి, ఊరూ పేరూ అడగకూడదు. పొడుపుకథలు, అబద్ధాల పోటీలు, దొంగ జ్యోతిషాలు, ఎప్పుడు చూసినా గోలగోలగా ఉండేది ఆ గూడు.

వీరవేణి అందులో కూతురు ఉషారాణిని చేర్పించింది. పిట్ట పేరు కూడా తనే ఏరికోరి పెట్టింది, లకుముకి అని. ఉషారాణి రెండు రోజులు చూసి, బోరు కొడుతోందని వదిలేసింది. వీరవేణి వదల్లేకపోయింది. మొదట ఊరికే చదివేది. తర్వాత ఓ పొడుపుకథకి జవాబు పెట్టింది. ఆ తర్వాత లకుముకి తనే అయిపోయింది.

అది తప్పా అంటే తప్పే. పిల్లల మధ్యకి పెద్దవాళ్ళు పిల్లల పేరుతో వెళ్ళి కూర్చోకూడదు. కానీ వీరవేణి పిల్లగా ఉన్నది ఎప్పుడు గనక? వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్మేది. పొట్లాలు కట్టడానికి పాత పత్రికలు కట్టలకు కట్టలు కొనుక్కొచ్చేది. వాటిల్లో తూనీగలు దొరికితే వీరవేణి ఓ పక్కన కూర్చుని చదివేది. కథ సగంలో ఉండగానే మిగతా సగం సావళ్ళ చేపల పొట్లమై ఎవరింటికో వెళ్ళిపోయేది. ఏడో తరగతితో చదువు మాన్పించి ఆ చేపలు ఎండబెట్టే పనికే పెట్టారు. తర్వాత పెళ్ళి, పిల్ల, ఐసులో చేతులు మొద్దుబారిపోయే రొయ్యలు వలిచే పని. ముప్ఫై దాటాక ఎవరో ఆడుకోవడానికి పిలిస్తే ఆవిడ వెళ్ళింది. నేనైతే ఆవిడని తిట్టలేను.

గూటిలో అన్నిటికన్నా పెద్ద పండగ బొమ్మల పెళ్ళి. పత్రికలో బొమ్మల కథ హీరో గొంగళిబాబుకి, చిట్టిచీమకి పెళ్ళి పెట్టారు. మగపెళ్ళివారి పెత్తనం గోరింకది. గోరింక అంటే భీమవరం రాజుల అమ్మాయి భానుశ్రీ అని అప్పటికి ఎవరికీ తెలియదు. మాటకి ముందు అండి, మాటకి వెనక అండి అంటూనే వియ్యాలవారిని ఏకిపారేసేది. లకుముకికి గోరింక వదిన, గోరింకకి లకుముకి వదిన.

"వదినగారండీ, మా పెళ్ళికొడుకు అలకపాన్పు ఎక్కాడండీ. బుల్లెట్ బండి ఇస్తే గానీ దిగడంటండీ," అని పెట్టింది ఓ రోజు గోరింక.

లకుముకి బస్సులో కూర్చునే జవాబు కొట్టింది. "అలాగేనండి వదినగారూ. మీ వాడికి కాళ్ళు బోలెడు గదా, ఏ కాలితో గేరు మారుస్తాడో ముందు తేల్చండి. బండి సంగతి తర్వాత చూద్దాం."

గూడంతా దొర్లి దొర్లి నవ్వింది. అప్పట్నుంచి అక్కడ ఓ అలవాటు మొదలైంది. ఎవరైనా ఓ రోజు పలక్కపోతే, "ఫలానా పిట్ట అలకపాన్పు ఎక్కిందర్రా" అనేవారు. ఇక అందరూ కలిసి ఆ పిట్టని బతిమాలేవారు. ఓసారి వీరవేణికి జ్వరం వచ్చి ఫోను ముట్టుకోలేదు. తగ్గాక తెరిచి చూస్తే అన్నీ బతిమాలడాలే. "వదినగారూ, దిగండి. మీరు రాకపోతే మా వాడు మంచినీళ్ళు కూడా ముట్టనంటున్నాడండీ," అని గోరింక మళ్ళీ మళ్ళీ పెట్టింది. వీరవేణి ఆ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఆవిడ అలిగిందని గమనించిన మనిషి లేడు, బతిమాలడం మాట దేవుడెరుగు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఓ రోజు తాతాజీ గారి గొంతు గూటిలో వినపడింది. ఇంకెక్కడో ఇలాంటి పిల్లల గుంపులోనే ఓ పెద్దమనిషి పిల్లాడి పేరుతో దూరి పిల్లల్ని నానా బాధలు పెట్టాడట. "అందుకని, గూడు పండగకి ప్రతి పిట్టా అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రాజమండ్రి రావాలి. మీ మొహాలు నేను చూడాలి. రాని పేరు తీసేస్తాను. ఏమీ అనుకోకండర్రా."

ఆడపిల్ల తల్లిగా వీరవేణికి ఆ మాట న్యాయంగానే తోచింది. లకుముకిగా మాత్రం కాళ్ళ కింద నేల కదిలిపోయింది. ఆ పేరు పోతే తనకి మిగిలేది ఇల్లూ, ప్లాంటూ, మధ్యలో ఈ బస్సూ.

ఉషారాణిని బతిమాలింది. "ఒక్క రోజే. నేనే లకుముకిని అని చెప్పు చాలు."

"నాకేంటి?" అంది ఉషారాణి. ఎనిమిదో క్లాసు పిల్ల, నాన్న పాత ఫోను తనకే ఇప్పించాలని బేరం పెట్టింది. వీరవేణి సరేనంది.

పాలకొల్లు, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేదాకా తల్లి చెబుతూనే ఉంది, కూతురు వింటూనే ఉంది. గోరింక ఎవరు, కొంగబావ ఎలా పొట్లాడతాడు, పెళ్ళిలో ఎవరేమన్నారు. గేరు మాట విని ఉషారాణి కిసుక్కుమంది. "ఇవన్నీ నువ్వే రాశావా మా? నిజంగా నువ్వేనా?" అంటూ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. వీరవేణికి ఆ చూపుతోనే ప్రయాణం చేసిన ఫలితం దక్కినట్టయింది.

హాల్లో పిల్లలంతా పిట్టల పేర్లు మెళ్ళో వేలాడదీసుకుని తిరుగుతున్నారు. పెద్దవాళ్ళకి గోడ వారగా కుర్చీలు వేశారు. వీరవేణి ఓ కుర్చీలో కూర్చుని, తన స్నేహితులందర్నీ ఒక్కొక్కరినే పోల్చుకుంటోంది. కళ్ళజోడు పెట్టుకున్న ఓ సన్నటి పిల్ల, "లకుముకి వదినగారూ" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఆఁ," అంటూ వీరవేణి సగం లేచింది.

భానుశ్రీ ఆవిణ్ణి దాటుకుని వెళ్ళి ఉషారాణిని కావలించుకుంది. వీరవేణి పైట సర్దుకుంటున్నట్టుగా మళ్ళీ కూర్చుంది.

తాతాజీ గారు ఉషారాణిని వేదిక మీదకి పిలిచారు. గొంగళిబాబు బండి మాట నీ నోటితో వినాలని ఉందమ్మా అన్నారు. ఉషారాణి సగం చెప్పి ఆగిపోయింది. హాలంతా ఎదురు చూస్తోంది. వీరవేణి నోరు ఆవిడ మాట వినలేదు.

"ఏ కాలితో గేరు మారుస్తాడో ముందు తేల్చండి," అంది కుర్చీలోంచి.

తలలన్నీ ఇటు తిరిగాయి. తాతాజీ గారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆవిడ వంక చూశారు. "అమ్మగారు కూడా మన గూడు చదువుతారన్నమాట."

"లేదండి," అంది ఉషారాణి గబుక్కున. "మా అమ్మకి చదువు రాదండి. అన్నీ నేనే చదివి వినిపిస్తానండి."

హాల్లో చప్పట్లు మోగాయి. చదువురాని తల్లికి చదివి వినిపించే పిల్ల అని తాతాజీ గారు లకుముకి నెత్తి మీద చెయ్యి వేశారు. భానుశ్రీ మర్యాద తెలిసిన పిల్ల. వీరవేణి దగ్గరికి వచ్చి, ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పింది. "ఆంటీ, ఇకనుంచి మేం కూడా వాయిస్ పెడతామండి. మీకు తేలిగ్గా అర్థమవుతుందండి."

నేనేనమ్మా నీ వదినని, అన్న మాట వీరవేణి పెదవుల దాకా వచ్చింది. ఆ మాట అంటే లకుముకి ఆ పూటతో పోతుంది. "అలాగేనమ్మా," అని మింగేసింది.

తిరుగు బస్సులో ఉషారాణే ముందు అందుకుంది. "మరేం చెప్పమంటావు? నువ్వే అని చెప్పనా? పోలీసులకి పట్టించేవాళ్ళు."

"బాగానే చెప్పావులే," అంది వీరవేణి. పిల్ల మాటలో తప్పేమీ కనపడలేదు. తప్పు లేకపోతే అంత నొప్పి ఎందుకో అర్థం కాలేదు.

ఆ వారమే అసలు దెబ్బ తగిలింది. గూటిలో ఒక పేరు ఒక ఫోనులోనే తెరుచుకుంటుంది. ఉషారాణి నాన్న పాత ఫోనులో లకుముకిని తెరిచింది. బస్సులో వీరవేణి ఫోను తీస్తే, మీరు గూటి బయట ఉన్నారు అని వచ్చింది.

"ఓసారి ఇవ్వవే, చూసి ఇచ్చేస్తాను," అని అడిగింది సాయంత్రం.

"వాళ్ళు నా ఫ్రెండ్స్ మా. నన్ను చూశారు, నాతో మాట్లాడారు. మధ్యలో నువ్వొచ్చి ఏం రాస్తావు?" ఉషారాణి ఫోను మీంచి తల ఎత్తలేదు. "నీకు ముప్ఫై నాలుగేళ్ళు. సిగ్గనిపించట్లేదా?"

వీరవేణి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరికి చెప్పుకోవాలి? తాతాజీ గారికి చెబితే ఇద్దరికీ ఆ పేరు లేకుండా పోతుంది. మొగుడికి చెబితే పిట్టలేంటి, గూడేంటి అంటాడు. ఒక్క ఆశ మాత్రం మిగిలింది. గోరింక తెలివైన పిల్ల. మాట తీరు మారిందని పసిగడుతుంది. ఈవిడ మా వదిన కాదే, మా వదిన ఎక్కడ అలకపాన్పు ఎక్కిందో అని వెతుకుతుంది. అలా అనుకుంటూ చాలా రోజులు ఎదురు చూసింది. కూతురి మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని చూసేది. ఏమీ లేదు. లకుముకి రోజూ గూటిలో కూస్తూనే ఉందాయె. కూస్తున్న పిట్టని అలిగిందని ఎవరనుకుంటారు, ఎవరు బతిమాలతారు?

"ఫోను సూడ్డం మానేశావేంటే?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"పాడైంది పిన్నీ."

బస్సులో పొద్దు పోవడానికి వీరవేణి అచ్చులో వచ్చే తూనీగ కొనుక్కోవడం మొదలుపెట్టింది. సంపూర్ణమ్మ చదివి వినిపించమంది. వెనక సీట్లవాళ్ళూ చెవులు ఇటు పడేశారు. కొన్నాళ్ళకి నిద్రలు మాని బస్సు బస్సంతా వినసాగింది. గొంతులు మార్చి, ఆపాల్సిన చోట ఆపి వీరవేణి చదువుతుంటే డ్రైవరు కూడా హారను తగ్గించి కొట్టేవాడు.

కొత్త సంచికలో 'గూటి కబుర్లు' పేజీ తిప్పింది. పైన లకుముకి పేరుంది. దాని కింద 'మా అమ్మ చదువు' అని ఉంది. ఆ పేజీ దాటేద్దామనుకుంది. సంపూర్ణమ్మ అప్పటికే పక్కనున్న పిట్ట బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈ పిట్టదేదో సదువు."

వీరవేణి చదివింది. "మా అమ్మకి చదువు రాదు. ఓ రోజు కరెంటు బిల్లు నా చేతికిచ్చి, ఏం రాశారే అంది. ఈ ఇంట్లో ఎనిమిదో క్లాసు పిల్లకి రోజూ ఐస్‌క్రీం పెట్టమని కలెక్టరు గారు రాశారు అన్నాను. అమ్మ నమ్మేసి వెంటనే కొనిపెట్టింది."

అంతే ఉంది. ఎవరో ఇద్దరు నవ్వారు. చదువుతుండగానే వీరవేణికి తెలిసిపోయింది, ముగింపు చప్పగా ఉంది. నమ్మేసి కొనిపెట్టింది అంటే నవ్వు రాదు. ఆవిడ పేజీ మీంచి కళ్ళు తీయకుండా, అక్కడే రాసి ఉన్నట్టుగా ఇంకాస్త చదివింది. "అమ్మ ఆ బిల్లు కళ్ళకద్దుకుని, కలెక్టరు గారు ఏ రకం అన్నారో కూడా చూసి చెప్పవే అంది."

బస్సు గొల్లుమంది. సంపూర్ణమ్మ ఒళ్ళు ఊగిపోయేలా నవ్వి, కళ్ళు ఒత్తుకుంది. "పిచ్చి ముండ. ఏ రకం అన్నారంట. ఎవరి తల్లో గానీ." వెనక నుంచి ఎవరో ఆ మాటే మళ్ళీ అని మళ్ళీ నవ్వారు.

"కింద ఇంకా ఏదో ఉందే," అంది సంపూర్ణమ్మ. "అదీ సదువు."

కింద చిన్న అక్షరాల్లో గోరింక జవాబు ఉంది. "వదినగారండీ, నవ్వలేక చచ్చామండీ. గూడు పండగలో మీ అమ్మగారిని చూశాను కదండీ, పాపం, అచ్చం అలాగే ఉంటారండీ." వీరవేణి దాంట్లో ఒక్క మాట కూడా మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు చదివింది.