గోడ తాగిన నూనె

ఆదిత్యపూర్‌లో ఈ వారం ఒక టాంకుకి పూత పని మొదలుపెట్టాం. రెండు డబ్బాల పూతమందు కలిపి కర్రతో తిప్పుతుంటే తారు వాసన ఘాటుగా ముక్కుకెక్కింది. ఆ వాసనకి నాకు సూర్యనారాయణ బాబాయి గుర్తొస్తాడు. వరసకి బాబాయి అనేవాణ్ణే గాని చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఉత్తరాది ఉక్కు ఊరికి వచ్చి భుయ్యాడీహ్‌లో మా వీధిలోనే ఉండేవాడు. పూత పనికి మేస్త్రి. డెబ్బైల్లో నాకు పని నేర్పింది ఆయనే.

చిన్న కార్ఖానాల్లో ఇనుప రేకుల్ని యాసిడ్‌తో కడుగుతారు. ఆ మురికినీళ్లు చేరే కాంక్రీటు టాంకుని వట్టిగా వదిలేస్తే, నీళ్లు సిమెంటుని తినేసి కంకర పళ్లలా బయటపడుతుంది. అందుకే గోడలకి లోపల నల్లటి పూత వేస్తాం. నేను బడి మధ్యలో మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మొదటి టాంకుకి గోడలూ అడుగూ కొలిచి, ఎంత మందు పడుతుందో హెచ్చవేసి గర్వంగా చెప్పాను. బాబాయి గోడ మీద చెంబెడు నీళ్లు చల్లి, అవి ఇంకిపోయేదాకా ఆగాడు.

"నీ లెక్క బాగానే ఉంది బావూ. మరి గోడ తాగేదో? అదెవుడు ఎయ్యాల లెక్కలో?"

వేలికణుపులతో తట్టి వినడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పూత గోడని పట్టుకునుంటే గట్టిగా పలుకుతుంది. విడిపోతే డొల్లగా పలుకుతుంది.

ఒక వానాకాలం, పాత టాంకుకి మరమ్మతు చేస్తుండగా లోపలి ఆవిరికి ఆయన స్పృహ తప్పాడు. తాడు కట్టి పైకి లాగాం. ఆ రోజు నుంచి ఆయన భార్య రమణమ్మ పిన్ని, పొద్దుగూకే ముందే టాంకులోంచి బయటికి వచ్చెయ్యమని పోరుతూనే ఉండేది. కొద్ది వారాలకే, పనిముట్లకి మొక్కే విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు కార్ఖానా గేట్లు ఇంటివాళ్లకి కూడా తెరుస్తారు. టాంకు గోడలు గీకి, కడిగి, ఆరబెట్టి ఉన్నాయి. మర్నాడు మొదటి పూత. అందరూ డబ్బాలకీ నిచ్చెనకీ బొట్లు పెట్టారు. పిన్ని మాత్రం ఆవనూనెలో కలిపిన సిందూరం పట్టుకుని, కొంగు దోపుకుని, టాంకులోకి దిగింది.

"నా మనిషిని మింగబోయింది ఈ గోడే. దీనికే పెడతాను," అంది.

బాబాయి గోడని చూశాడు, ఆమెని చూశాడు. పెట్టమన్నాడు.

నూనె ఇంకిన చోట పూత పట్టదని బాబాయి, మరే నూనె మరక కనపడినా సోడా నీళ్లతో రుద్దించి, పైపొర చెక్కించేదాకా ఊరుకునే మనిషి కాదు. కాని ఆ బొట్టు మీద తీగ బ్రష్ పెట్టడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు. మర్నాడు ఆయనే తడిగుడ్డతో, పసిబిడ్డ మొహం తుడిచినట్టు మెల్లగా తుడిచాడు. ఆరాక గోడ శుభ్రంగానే కనిపించింది. పూత వేసేశాం.

వేసవి రాకముందే కార్ఖానా యజమాని కబురు పెట్టాడు. ఖాళీ చేసిన టాంకులో నేనూ బాబాయీ గోడలన్నీ తట్టుకుంటూ వచ్చాం. అంతటా గట్టిగా పలికాయి. నిచ్చెన పక్కన మాత్రం పూత ఉబ్బి పగిలింది. వెనక కాంక్రీటు పొడిగా రాలి, తుప్పుపట్టిన ఊచ కనపడుతోంది. అలవాటు కొద్దీ కొలిచాను. జానెడు జాగా. అది ఏ జాగానో ఇద్దరికీ తెలుసు. ఇదెలా జరిగిందని యజమాని హిందీలో అడిగితే, తొందరపడ్డాను బాబూ అని బాబాయి కూడా హిందీలోనే చెప్పాడు. బొట్టు మాట ఎత్తలేదు. ఆ పని పోయింది. మాట పాకి మిగతావాళ్లూ పిలవడం మానేశారు.

తిరిగి వస్తూ ఖర్కాయి ఏటి వంతెన మీద సైకిలు ఆపాడు.

"ఈ మాట ఇంట్లో రాకూడదు బావూ. తన బొట్టు వల్లే పోయిందని తెలిత్తే మీ పిన్ని మళ్లీ దేవుడికి దండం పెట్టదు. తుడిసింది నానే కదా, ఇందులో అబద్ధం ఏటుంది?"

తర్వాత ఆయన సాక్చిలో ఒక రంగుల కొట్లో డబ్బాలు మోశాడు. నేను వాళ్లింటికి భోజనానికి వెళ్తే పిన్ని వడ్డిస్తూ వేళాకోళం చేసేది. "మీ బాబాయికి అన్నిట్లోనూ నిదానమే. ముద్ద మింగడానికీ నిదానమే. ఆ ఒక్క పనికే తొందరొచ్చింది." ఆయన నవ్వి చారు పొయ్యమనేవాడు. నేను కంచంలోకి చూస్తూ తినేవాణ్ణి.

ఎనభైలు మొదలయ్యాక ఆయన జ్వరంతో పోయాడు. కర్మకాండ ముగిసి అందరూ వెళ్లాక పిన్ని నన్ను ఆపింది.

"నిజం సెప్పు బావూ. పొద్దుగూకే ముందు వచ్చెయ్యమని నాను పోరబట్టే తొందరపడ్డాడా? నా వల్లే పనిపోయిందా?"

అన్నేళ్లూ ఆమె వేళాకోళం కింద ఆ ప్రశ్న ఉందని బాబాయికీ నాకూ తట్టలేదు. గోడ తాగేదాన్ని లెక్కలో వెయ్యమన్న మనిషి, పిన్ని మనసు ఏం తాగుతోందో లెక్క వేసుకోలేదు. "లేదు పిన్నీ, ఆయన తొందరపడలేదు," అన్నాను. అంతవరకు నిజమే. మరి ఏమైందని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పటికీ నేను కొత్త టాంకు పని ఎత్తుకుంటే పిన్ని ఆవనూనెలో తడిపిన సిందూరం ఆకులో కట్టి ఇస్తుంది. గోడకే పెట్టమంటుంది. సరేనంటాను. ఈ వారం కూడా నిచ్చెన పైమెట్టుకి బొట్టు పెట్టి, వేళ్లకంటిన నూనె పోయేదాకా సోడా నీళ్లతో కడుక్కుని, అప్పుడు దిగాను.