లాటీ సోబ్చిక్, కట్లు కట్టుకున్న జట్టు

అమెరికాలో మా పోలిష్‌వాళ్ళ ఊరు చీక్టవాగాలో స్కూలు బస్సు నడిపే లాటీ సోబ్చిక్, ఒక్క ఆరోగ్యవంతుడు కూడా లేని బేస్‌బాల్ జట్టుతో, అందులో సగంమంది ఆసుపత్రి మంచాల మీద ఉండగానే, కప్పు గెలిచింది. నేను కళ్ళారా చూశాను.

సరే, సగంమంది కాదు, ముగ్గురో నలుగురో. ఆసుపత్రి మంచాలూ కాదు, ఎవరింట్లో వాళ్ళ సోఫాలు. కప్పు సంగతి చివర్లో మాట్లాడుకుందాం. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని బళ్ళో మా సిస్టర్లు చెప్పేవారు. అప్పట్నుంచీ రోజూ అద్దంలో చూసుకుంటున్నాను, ఇంతవరకూ పడలేదు. కాబట్టి మిగిలిందంతా నిజమనే అనుకోవచ్చు.

లాటీ కూడా ఆ సిస్టర్ల దగ్గరే చదివింది. నా వెనక బెంచీ. నామీద పనిచెయ్యని చదువు ఆమె మీద పనిచేసింది. అదే ఈ కథకి మూలం.

పొద్దున్నే పసుపుపచ్చ బస్సు ఒకటి ఎర్ర లైట్లు కొట్టుకుంటూ ఆగిపోయి, దాన్ని దాటకూడని కార్ల బారు వెనక చర్చి దాకా పెరిగిందంటే, ఎవరింట్లోనో ఒక పిల్ల ఇంకా బూట్లు వెతుక్కుంటోందని, లాటీ తలుపు తెరిచి పెట్టుకుని కూర్చుందని అర్థం. వెనకవాళ్ళు హారన్ మోగిస్తే ఆమె అద్దంలోంచి ఓసారి చూసి, థర్మాస్ మూత విప్పి కాఫీ పోసుకుంటుంది. డిపోవాళ్ళు పిలిచి మందలించినప్పుడల్లా బుద్ధిగా తల ఊపేది. మర్నాడు మళ్ళీ ఆగేది.

ఆమె భర్త జిగ్గీ నా స్నేహితుడు. బేస్‌బాల్ ఆటగాళ్ళ గురించి పక్కింటి పిల్లల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఒకడికి మోకాలు సలుపుతోందనీ, మరొకడు పెళ్ళాంతో గొడవపడి వచ్చాడు కాబట్టి ఇవాళ కొట్టడనీ చెప్పేవాడు. మంచాన పడ్డాక ఆ కబుర్లన్నీ వినడానికి లాటీ ఒక్కతే మిగిలింది. మంచు పడటం మొదలైన రోజుల్లో జిగ్గీ పోయాడు.

చర్చి వెనక హాల్లో, వేసవి పొడుగునా సోమవారం సాయంత్రాలు, మేం పదిమందిమి కాగితం మీద జట్లు ఆడతాం. నిజం ఆటగాళ్ళని పేర్లతో పంచుకుంటాం. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. ఆ రోజునుంచి వాళ్ళు మైదానంలో ఏం సాధిస్తే ఆ పాయింట్లు మనవి. పదిమందికీ పది ఇనప కుర్చీలు, వీపున పేర్లు రాసి ఉంటాయి. సభ్యుడు పోతే ఆ కుర్చీ ఒక్క ఏడాది ఇంటివాళ్ళది. ఆ ఏడాది జట్టు ఆఖరున నిలిస్తే కుర్చీ బయటివాళ్ళకి పోతుంది. బయట కాచుకుని ఉన్నవాడు డెరెక్. మా పెద్ద, సాసేజీల కొట్టు ఫెలిక్స్ వోయ్నార్‌కి అల్లుడు.

కుర్చీ నీకెందుకు లాటీ అని అడిగితే, సోమవారం అక్కడ పిరోగీ కుడుములు వేడిగా ఉంటాయి అంది. జిగ్గీ పేరు పైకి పలికే మనుషులు ఇప్పుడు ఆ హాల్లో తప్ప ఎక్కడా లేరన్న సంగతి ఆమె అనలేదు. నాకు తెలుసు. ఆమె ఇంటి వంటగదిలో కూర్చుని కాఫీ తాగినవాణ్ణి, అక్కడి నిశ్శబ్దం నాకూ వినబడింది.

ఇక మా లీగు ఆచారం ఒకటి చెప్పాలి. ఒక గుడ్ ఫ్రైడే నాడు, ఫాదర్ బ్రోనెక్ సిలువ ఎత్తి పట్టుకున్న క్షణంలో, వెనక వరసలో చెవిలో రేడియో పెట్టుకున్న పుణ్యాత్ముడొకడు హోమ్‌రన్ అని కేక పెట్టాడు. ఎవరో చెప్పను. ఆ దెబ్బకి ఫాదర్ నిబంధన పెట్టాడు. ఈస్టర్‌కి ముందు ఉపవాసకాలమంతా లీగువాళ్ళు ఆటలు చూడకూడదు, ఫలితాలు చదవకూడదు. జట్లు పంచుకోవడం ఈస్టర్ సోమవారమే. మామూలుగా ఇబ్బంది లేదు. కానీ జిగ్గీ లేని ఆ మొదటి ఏడాది ఈస్టర్ ఏప్రిల్ చివరికి జరిగింది. అప్పటికి ఆటలు మొదలై మూడు వారాలు దాటింది.

ఈస్టర్ సోమవారం మా దగ్గర మగవాళ్ళు ఆడవాళ్ళ మీద నీళ్ళు చల్లుతారు, ఆడవాళ్ళు విల్లో చెట్టు కొమ్మలతో మగవాళ్ళ పిక్కలూ పిర్రలూ వాయిస్తారు. లీగులోకి ఆడమనిషి రావడం అదే మొదలు కాబట్టి ఫెలిక్స్ పిల్లల నీళ్ళ తుపాకీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. లాటీ వానకోటు తొడుక్కుని, కొమ్మల కట్ట పట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రమంతా ఫెలిక్స్ నిలబడే ఉన్నాడు.

వరస తేల్చడానికి గుడ్లు ఢీకొట్టాం. ఎవరి గుడ్డు పగలకుండా మిగిలితే వాళ్ళది మొదటి వంతు. లాటీ గుడ్డు అందరికంటే ముందు పగిలింది, ఆమెది ఆఖరి వంతు. అందరం బల్ల చుట్టూ చేరాక ఫాదర్ ఎప్పటిలాగే అడిగాడు, ఎవరైనా చూశారా అని. లేదు ఫాదర్ అని తొమ్మిది గొంతులు ఒక్కటిగా పలికాయి. లాటీ కొంచెం ఆలస్యంగా, ఆలోచించి, లేదు ఫాదర్ అంది.

ఆ పదింటిలో నిజం ఒక్కటే. నా మటుకు నేను పేపర్లో వాతావరణం మాత్రమే చూశాను. కాగితాన్ని వెలుగుకి ఎత్తిపడితే వెనక పేజీ కనబడటం నా తప్పు కాదు.

ఫెలిక్స్ మొదటి వంతులో కోల్బీ ట్రాస్క్ అన్నాడు. ఉపవాసకాలానికి ముందు ఆ కుర్రాడి పేరు కన్నతల్లి తప్ప ఎవరూ ఎరగరు. ఆ మూడు వారాల్లో మాత్రం కనబడ్డ బంతినల్లా ప్రేక్షకుల్లోకి కొడుతున్నాడు.

"ఎవరీ ట్రాస్క్?" అన్నాడు ఫాదర్.

"ప్రార్థన చేసుకుంటుంటే తట్టింది, ఫాదర్."

"ఇంటిపేరుతో సహానా?"

"స్పెల్లింగుతో సహా, ఫాదర్."

ఆ తర్వాత ఎనిమిదిమందికీ వరసగా దివ్యదర్శనాలే. ఆ మూడు వారాల్లో మెరిసినవాళ్ళందరూ అయిపోయారు. వంతు లాటీకి వచ్చింది.

"హాడ్లీ," అంది.

పోయిన ఏడాది లీగులన్నిటిలోకీ ఎక్కువ హోమ్‌రన్లు కొట్టిన టెరెల్ హాడ్లీ. మామూలు ఏడాదైతే మొట్టమొదట పోవలసిన పేరు. అయితే మొదటి వారంలోనే అతను పరుగెత్తి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మోచేతి దాకా కట్టు ఉందని ఆ బల్ల చుట్టూ ఉన్న తొమ్మిదిమందికీ తెలుసు. చెబితే, మాకెలా తెలుసో ఫాదర్‌కి చెప్పాలి. తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

"ఇలాంటివాణ్ణి నాదాకా వదిలేశారేం?" అంది లాటీ. "జాలిపడి ఎవరూ ఏమీ వదలకండి. జిగ్గీకి నచ్చదు."

రెండో వంతులో భుజం పట్టేసి బంతి ఎత్తలేకపోతున్న విల్యాసిస్‌ని తీసుకుంది. మూడో వంతులో సమ్నర్. ఆ మహానుభావుడికి దెబ్బలేమీ లేవు, ఊరికే బంతి తగలట్లేదు, అంతే. నేను ఉండబట్టలేక బల్ల కింద ఆమె కాలు తన్నాను.

"మిటెక్, దురదగా ఉంటే నీ కాలు గోక్కో," అంది లాటీ, ఫాదర్‌కి వినబడేలా.

ఇంకోసారి దగ్గాను. దగ్గుమందు ఇచ్చింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. జిగ్గీ చెప్పిన పిల్లలందరూ ఇంకా మిగిలే ఉన్నారని నా చెవిలో చెప్పింది. ఆ మాట విన్నాక, నిన్నటి పండగ బల్ల మీదినుంచి తెచ్చిన, తల ఎవరో తినేసిన వెన్న గొర్రెపిల్ల బొమ్మ వైపే చూస్తూ కూర్చున్నాను. మిగతావాళ్ళు కూడా అటే చూస్తున్నారు.

మరుసటి సోమవారానికి ఆమెకి అన్నీ తెలిశాయి. వచ్చి, కూర్చోకుండా, జిగ్గీ కుర్చీ వెనక నిలబడింది.

"హాడ్లీ చెయ్యి మొదటి వారంలోనే విరిగిందట."

ఒకడు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మీకు తెలుసు," అంది.

"తెలుసని చెబితే..." అని మొదలుపెట్టి ఫెలిక్స్ ఆగిపోయాడు. అప్పటికే చెప్పేశాడు.

పక్కగదిలో ఫాదర్ కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది. లాటీ ఆ తలుపు వైపు చూసింది. మళ్ళీ పంచుకుందామా అని ఎవరో గొణిగారు గానీ, దానికీ ఫాదర్‌కి కారణం చెప్పాలి. లాటీ నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయనతో నేను చెప్పను. మీరే ఎప్పుడో చెప్పుకోండి. ఆ పిరోగీలు ఇలా జరుపు."

ఆమె కూర్చుంది గానీ జట్టు లేవలేదు. మే నెలంతా ఆఖరున ఉంది. ఫెలిక్స్ కనబడ్డప్పుడల్లా, నీ జట్టుకి కోచ్ ఎందుకు లాటీ, నర్సు చాలు అనేవాడు. డెరెక్ ఒక సోమవారం వచ్చి జిగ్గీ కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపి చూసుకుని, కొంచెం ఎత్తు తక్కువ అన్నాడు. ఆ రోజు లాటీ ముఖం చూడలేక, హాడ్లీని వదిలెయ్యి, నా దగ్గర పనికొచ్చేవాడొకడు ఉన్నాడు, మార్చుకుందాం అన్నాను.

"పిల్ల కుంటుతోందని బస్సు కదిలిస్తానా?" అంది. "తలుపు తీసి ఉంచాను. వచ్చేవాడు వస్తాడు."

"రాకపోతే? కుర్చీ పోతుంది లాటీ."

"పోతే పోతుంది," అంది గానీ, థర్మాస్ మూత తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

జూన్‌లో ఎండలతోపాటు లెక్కలూ తిరగబడ్డాయి. ట్రాస్క్‌కి వంపు తిరిగే బంతి ఆడటం రాదని ఊరూరికీ తెలిసిపోయి, కింది లీగుకి పంపేశారు. ఫెలిక్స్ ప్రార్థనకి గడువు తీరిపోయింది. మా మిగతా దర్శనాలు కూడా ఒక్కొక్కటే మసకబారాయి. అటు సమ్నర్ బ్యాటుకి బంతి తగలడం మొదలైంది. జూలైలో విల్యాసిస్ భుజం లేచింది. హాడ్లీ కట్టు విప్పుకుని వచ్చి, మొదట్లో ఈగలు తోలినట్టు ఊపాడు గానీ, ఆగస్టుకి పాత హాడ్లీ అయ్యాడు. వాళ్ళు ఒక్కొక్కరూ మైదానంలోకి వచ్చినప్పుడల్లా లాటీ, ఎక్కు ఎక్కు అని టీవీతో అనేది.

కానీ గొయ్యి చాలా లోతు. సెప్టెంబరు ఆఖరి ఆదివారం, ఆ ఏడాది చివరి ఆటలనాడు, మధ్యాహ్నానికి లాటీ పదో స్థానంలోనే ఉంది. ఆమెకి పైన, ఒక్క మెట్టు ఎత్తులో, ఇన్నాళ్ళూ జారుతూ వచ్చిన ఫెలిక్స్. డెరెక్ తన పేరు అక్షరాలు అట్ట మీద కత్తిరించి, రంగు డబ్బాతో సహా వచ్చాడు. సాయంత్రమయ్యేసరికి సమ్నర్ కొట్టిన దెబ్బలతో ఇద్దరూ సమానమయ్యారు. ఫెలిక్స్ ఆటగాళ్ళందరి ఆటలూ ముగిశాయి. లాటీకి మిగిలింది హాడ్లీ ఒక్కడే. వాడేమో, మణికట్టుకి విశ్రాంతి పేరుతో, పొద్దుట్నుంచీ బెంచీ మీద గింజలు నములుతూ కూర్చున్నాడు.

ఆఖరి అంకంలో, ఏమనుకున్నాడో ఏమో, వాళ్ళ కోచ్ వాణ్ణి లేపాడు.

హాడ్లీ రెండు బంతులకి గాలిని కొట్టాడు. ఇంకొక్కటి తప్పితే అయిపోయినట్టే. మేమంతా కొట్టరా కొట్టరా అంటున్నాం. ఫెలిక్స్ కూడా అంటున్నాడు, అలవాటు కొద్దీ. లాటీ మాత్రం టీవీ దగ్గరికి వంగి మెల్లిగా అంది:

"తొందరేం లేదు నాయనా. ఊరికే నిలబడు."

ఒక చెడ్డ బంతి వెళ్ళింది. హాడ్లీ కదలలేదు. ఇంకోటి. మూడోది నేలకి తగిలి దుమ్ము లేపింది. నాలుగోది బొటనవేలంత దూరంలో పక్కనుంచి పోయింది, హాడ్లీ దాన్ని సాగనంపినట్టు చూశాడు. నాలుగు చెడ్డ బంతులకి ఊరికే మొదటి మజిలీకి నడిచి వెళ్ళవచ్చు, మా లెక్కలో దానికి ఒక పాయింటు. ఏడాదంతా ఆటలో అతి ఘనకార్యం, ఒక మనిషి ఏమీ చెయ్యకుండా నిలబడటం.

పదిమందిలో తొమ్మిదో స్థానాన్ని కప్పు అనకూడదని ఎక్కడా రాసిలేదు. ఆ రోజు హాల్లో అకార్డియన్ మోగింది, పోల్కా డాన్సు చేశారు, మొదటి స్థానం వచ్చినవాడి పేరు ఇప్పటికీ ఎవరికీ గుర్తులేదు. ఫెలిక్స్ అల్లుడి చేతిలోంచి రంగు డబ్బా తీసుకున్నాడు. జిగ్గీ పేరు కింద కుదురుగా లాటీ అని తనే రాశాడు. తర్వాత చెప్పుకోవలసింది చెప్పుకోడానికి ఫాదర్ గదిలోకి వెళ్ళి చాలాసేపు తలుపు వేసుకున్నాడు. మిగతావాళ్ళం బయట వరసలో నిలబడ్డాం. ఆ వరసలో నేను లేనని కొందరంటారు, వాళ్ళ మాట నమ్మకండి.

ఇదంతా రాసి మొన్న సోమవారం లాటీకి చదివి వినిపించాను. ఆ రెండు పేర్ల కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, టీవీకి అడ్డం తప్పుకోమని రెండుసార్లు చెప్పి, ఆఖరిదాకా విని, పిరోగీ మింగి అంది:

"ఒక్క ముక్క నిజం లేదు. నేను బేస్‌బాల్ చూడను. హాడ్లీ ఎవడో నాకు తెలియదు. బస్సు ఎప్పుడూ, ఎవరికోసమూ ఆపలేదు. బళ్ళో నా ముందు బెంచీలో కూర్చున్నది కూడా నువ్వు కాదు."