బల్ల దిగిన టీచరమ్మ

యోగా టీచరమ్మ తలకిందులుగా నిలబడితే చూసేవాళ్లు నోరెళ్లబెట్టాల్సిందే. పదహారేళ్లుగా నేర్పుతోంది. మేడల వీధిలో ఆమె క్లాసులో చోటు దొరకడమే గొప్ప. అలాంటి మనిషి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆడవాళ్లకి ఉచితంగా నేర్పుతానని వచ్చింది. వరమిస్తున్నాననే అనుకుంది.

పని దిగాక ప్యాకింగ్ హాల్లో క్లాసు. అట్టపెట్టెలు పక్కకి జరిపించి, తనకోసం చెక్కబల్ల వేయించుకుంది. దానిమీద కళ్లు మూసుకుని ఆసనాలు వేసేది. కింద పాతికమంది తంటాలు పడేవాళ్లు. మూడోరోజు, వంగి కాలివేళ్లు అందుకోమంటే, కాలర్లు కుట్టే ఆవిడ మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది.

"బద్ధకం వదిలించుకోవాలమ్మా!" అంటూ టీచరమ్మ దిగివచ్చి, ఆవిడ వీపు మీద చెయ్యేసి ఒక్క నొక్కు నొక్కింది.

మర్నాడు ఆవిడ నడుము పట్టేసి పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

అక్కడ అందరికన్నా ముందునుంచీ కుడుతున్న పొడుగక్క ముఖం మీదే చెప్పేసింది. "శనివారంతో ఆపేద్దాం టీచరమ్మా."

"పదహారేళ్లలో ఎవరికీ ఇలా కాలేదే!"

"మీరు కళ్లు మూసుకుని చేస్తారు. మేం కళ్లింతలు చేసుకుని మిమ్మల్ని చూస్తాం. మరి మమ్మల్నెవరు చూస్తారు?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు. టీచరమ్మ మొహం జేవురించింది. సంచీ భుజానేసుకుని విసవిసా గేటు దాకా వెళ్లింది. వెళ్లిపోతే క్లాసు పోతుంది. ఉంటే పదహారేళ్ల పరువు పోతుంది. కాసేపు అక్కడే నిలబడి, పోతే పరువే పోనీ అనుకుని వెనక్కి తిరిగింది.

"రేపొక పూట మీ పక్కన కూర్చుని పనిచేస్తా."

పొడుగక్క ఎగాదిగా చూసింది. "కుట్టడం వచ్చా?"

"రాదు."

"అయితే దారాలు కత్తిరించండి. బద్ధకిస్తే నేనూ వీపు నొక్కుతా."

ఆనుకోడానికి వీల్లేని స్టూలు. గంటకిన్ని ముక్కలని బోర్డు మీద లెక్క. నీళ్లకి లేచినా సూపర్‌వైజర్ గడియారం చూసేవాడు. రెండు గంటలకే టీచరమ్మ నడుము గగ్గోలు పెట్టింది. ఏళ్ల తరబడి ఇలా వంగిన వీపుకి తను పెట్టిన పేరు బద్ధకం! పని పిండుకునేవాళ్లని వదిలేసి, నలిగినవాళ్లని తిట్టడం ఎంత సులువు!

సాయంత్రం కాలర్ల ఆవిడ ఇంటికి వెళ్లింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకునుంది.

"తప్పు నాదమ్మా. నీ వీపు చూడకుండా చెయ్యేశాను."

"చూడ్డం నేర్చుకోండి. అప్పుడొస్తా," అంది ఆవిడ, ఇటు తిరక్కుండానే.

శనివారం బల్ల మీద అట్టపెట్టెలు ఉన్నాయి. టీచరమ్మ అందర్నీ స్టూళ్లు తెచ్చుకోమని, తను వెనక నిలబడింది.

"ఇవాళ నేనేమీ చేసి చూపించను. ఎక్కడ పట్టేసిందో మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

ముందు ఒకావిడ మెడ చూపించింది. తర్వాత ఆపడం కష్టమైంది. మెడలు, మణికట్లు, నడుములు. పొడుగక్క భుజం తిప్పి, "ఇదిగో, ఇక్కడ కలుక్కుమంటోంది," అంది. టీచరమ్మ చెయ్యి చాపబోయి ఆగింది.

"ముట్టుకోవచ్చా?"

"అడిగారుగా. ఊఁ."

వేళ్లకి ఎముకలా గట్టిపడిన కండ తగిలింది. దీనికి ఏ ఆసనమూ చాలదు.

"గంటకోసారి రెండు నిమిషాలు లేచి నిలబడనివ్వాలి," అంది టీచరమ్మ. "మేనేజర్ని అడుగుదాం."

"మీరడుగుతారా?"

"మీరే అడగండి. ఎందుకివ్వాలని ఆయన వాదిస్తే, అప్పుడు నేను చెప్తా."

పొడుగక్క భుజం సర్దుకుని లేచింది. "సరే, సోమవారం పెందలాడే రండి. ముందు ఆయన గదికెళ్లి నిటారుగా నిలబడదాం. వంగడం సంగతి తర్వాత."