ఈస్టరు పండక్కి కొర్రన్నం

మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరింట్లోనైనా కూర చప్పగా ఉంటే, "ఏంది, సామేలు చేయించినాడా?" అంటారు. ఆ సామేలును నేనే. నేను వంటవాణ్ణి కాను. జీవితం మొత్తంలో ఒకే ఒక్క పూట పదిమందికి వంట చేయించాను, ఈ బిరుదు సంపాదించుకున్నాను. ఆ పూట జరిగిన ఘోరం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. ముందు మీరు కడుపునిండా తిని కూర్చోండి. ఈ కథలో తినదగిందేమీ దొరకదు.

అప్పుడు నాకు ఇరవై కొద్దిగా దాటాయి. మార్కాపురంలో సెల్‌ఫోన్ల షాపులో పని. షాపు మేడమీదే జిమ్ము. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా జిమ్ములో చేరినవాడు పొద్దే కాదు, ఎదుటి మనిషి మొహం కూడా ఎరగడు. బస్సులో పక్కనాయన జంతికల పొట్లం విప్పితే, "అందులో ఎంత నూనె ఉంటుందో తెలుసా అన్నా?" అనేవాణ్ణి. ఆయన కిటికీ వైపు తిరిగి తినేవాడు. ఇంట్లో అమ్మ తాలింపు పెడుతుంటే వెనకే కాపలా నిలబడేవాణ్ణి. మా చెల్లి రూతు చేతిలోంచి చిప్సు ప్యాకెట్టు లాక్కుని, వెనకవైపు అచ్చువేసిన చిన్నక్షరాలన్నీ పైకి చదివి వినిపించేవాణ్ణి. అది ఓపిగ్గా వినేది. విన్నాక ప్యాకెట్టు తీసుకుని తినేసేది.

ఇంతమందికి చెప్పినవాణ్ణి, చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేకపోయాను. ఆ మనిషి మా నాయన.

నాయన పేరు దానియేలు. ట్రాక్టరు డ్రైవరు, మా చర్చిలో సంఘపెద్ద. పండగ ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే భోజనాన్ని మేం ప్రేమవిందు అంటాం. ఆ రోజు పలావు దించే ముందు మొదటి గరిటె నాయనకే. "ఉప్పు చూడన్నా" అంటుంది వంట చేసే మార్తమ్మత్త. ఆయన ఒక్కసారి చూసి ఊరుకునే రకం కాదు. ఉప్పు కోసం ఒకసారి, కారం కోసం ఒకసారి, ముక్క ఉడికిందా లేదా అని ఇంకోసారి చూసేవాడు. జనానికి విందు మొదలయ్యేసరికి ఆయన విందు అయిపోయేది. మళ్ళీ అందరితో బంతిలో కూర్చునేవాడు, మర్యాద కోసం.

ఆ ఏడు చలికాలంలో మోకాళ్ళు నొప్పులంటే మార్కాపురం తీసుకెళ్ళాను. డాక్టరు అన్నీ చూసి, "షుగరు గుమ్మం దాకా వచ్చింది. బీపీ లోపలికొచ్చి కూర్చుంది. బరువు తగ్గాలి. ఈయనొక్కడి వల్ల అయ్యేది కాదు, ఇంటిల్లిపాదీ తిండి మార్చండి, ఇంటిల్లిపాదీ నడవండి" అన్నాడు.

"సరే సార్" అన్నాడు నాయన, ప్రసంగం విన్నంత భక్తిగా. బయటికొచ్చి బండెక్కి, ఊరు దాటకముందే మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆపాడు.

"నాయనా, డాక్టరు ఇప్పుడే ఏం జెప్పినాడు?"

"మంచిమాటలే చెప్పినాడు. పాపం, మనిషి చానా బక్కగుండాడు. నీకు రెండు చాలునా?"

నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక భయమేసింది. మా పెదనాయనా ఇంతే. ఇట్లాగే పొట్ట నిమురుకుంటూ నవ్వే మనిషి. ఒక పొద్దున మంచం మీద నుంచి లేవబోతే కుడిచెయ్యి లేవలేదు, నోట మాట రాలేదు. ఇప్పటికీ మా పెద్దమ్మే ముద్దలు కలిపి పెడుతుంది. ఆయన చెయ్యి చూసినప్పుడల్లా నాకు నాయన చెయ్యి గుర్తొచ్చేది.

మరి "తినొద్దు నాయనా" అని చెప్పడానికేం, అంటారా? చెప్పలేకపోయాను. నా చిన్నప్పుడు నాయన కూలికి పోయేవాడు. పొద్దుగూకి వచ్చి, సట్టిలోకి ఒకసారి తొంగిచూసి, "నేను ఆడ తినొచ్చినా, పిల్లోళ్ళకు పెట్టు" అనేవాడు. తినిరాలేదని నాకు తెలియదు. ఒకసారి రాత్రి ఆయన కడుపు మీద తల పెట్టుకుని పడుకుంటే లోపల గుడగుడ వినిపించింది. 'నాయన కడుపులో పాటలొస్తున్నాయి' అని అమ్మకు చెప్పి నవ్వాను. అమ్మ నవ్వలేదు. అట్లాంటి మనిషి కడుపునిండా తినడం మొదలుపెట్టిందే ట్రాక్టరు ఎక్కాక. ఆయన ముందున్న పళ్ళెం చూపించి 'చాలు' అనడానికి నాకు నోరు రాలేదు.

నోరు రాని చోట బుర్ర పనిచేయించాలనుకున్నాను. నా బుర్ర అప్పట్లో ఎంత గొప్పదో మీరు చూస్తారు.

ఈస్టరు ముందు నలభై రోజులు మాకు శ్రమల దినాలు. చాలామంది మాంసం ముట్టరు. కొందరు ఒక్కపూటే తింటారు. మిరపకోతలకు పోయి వచ్చి కూడా ఉపవాసముండే ఆడవాళ్ళున్నారు. ఆ దినాలన్నీ అయ్యాక, ఈస్టరు మధ్యాహ్నం కోడి పలావు. దాని కోసం మా ఊరు ఎట్లా ఎదురుచూస్తుందో చెప్పనక్కర్లేదు. ఆ ఏడు ప్రేమవిందు ఏర్పాటు యవనస్తుల వంతు, అంటే చర్చిలో కుర్రకారు వంతు. యవనస్తుల నాయకుణ్ణి నేను.

అప్పుడు తట్టింది. నాయనను పలావు తినొద్దని చెప్పడం కష్టం. పలావే లేకుండా చేయడం ఎంతసేపు? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని సామెత. ఎలుక మా ఇంట్లో ఉంటే నేను ఊరు తగలబెట్టడానికి బయల్దేరాను.

కమిటీలో నాతో పాటున్న వాళ్ళను, "ఈసారి కొత్తరకం. ఎవరికీ చెప్పొద్దు, సర్‌ప్రైజు" అని ఊరించాను. ఈస్టరు తెల్లవారి సమాధుల తోట దగ్గర ఆరాధన అయ్యేసరికి మార్తమ్మత్త పొయ్యిల దగ్గర చీర కొంగు బిగించి నిలబడి ఉంది. సామాను దించాను. అత్త మూట విప్పింది.

"ఏందిరా ఇవి?"

"కొర్రలత్తా."

"కోళ్ళకా?"

"మనకే. కొర్రన్నం, ఉడకబెట్టిన కూరగాయలు, మొలకెత్తిన పెసలు, కీరదోస ముక్కలు."

అత్త నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. "సరే, నూనె డబ్బా యాడ?"

జేబులోంచి సీసా తీసి ఇచ్చాను. అత్త దాన్ని ఎండకు ఎత్తి చూసింది.

"ఇది పొయ్యి మీద పొయ్యాల్నా, తలకు రాసుకోవాల్నా?"

"అంతే అత్తా. అంతకంటే జాస్తి పోస్తే గుండెకు మంచిది గాదు."

"నా గుండె ఇప్పుడే ఆగేట్టుంది లేరా" అంటూనే ఎసరు పెట్టింది. బైబిల్లో మార్త కూడా ఇట్లాగే పని చేస్తూ సణిగిందని నేను ఆ వేడిలో జ్ఞాపకం చేశాను. కట్టెపుల్ల నా వైపు వచ్చింది, తప్పుకున్నాను.

మధ్యాహ్నం షామియానా కింద బంతులు పడ్డాయి. పిల్లలు విస్తళ్ళ ముందు మోకాళ్ళ మీద నిలబడ్డారు. మసాలా వాసన ఎందుకు రావడం లేదా అని ముక్కులు ఎగబీలుస్తున్నారు కొందరు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కృతజ్ఞతా ప్రార్థనకు లేచారు. ఎదురుగా మూత తీసిన గిన్నెలు ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, నీవు మాకు అనుగ్రహించిన ఈ..." అని ఆగారు. చాలాసేపు ఆగారు. చివరికి "దానిని" అన్నారు.

వడ్డించాం. పెద్దవాళ్ళు విస్తళ్ళలోకి వంగి చూశారు. ఒక పిల్ల మాత్రం, "అమ్మా, పలావు యాడుందే?" అంది.

మా వీధి రాహేలవ్వ పెసర మొలకను వేలితో తిప్పి చూసి, "సామేలూ, ఏంది నాయనా ఇది, గింజలు బూజు పట్టినాయి" అంది.

"బూజు గాదవ్వా, మొలకలు. చానా బలం."

"ఈ అన్నమో?"

"కొర్రన్నం. ఆరోగ్యం."

"ఆరోగ్యమా! బియ్యం కొనలేని నాడు కొర్రన్నం తిని తిని నా పండ్లు అరిగిపాయ. పండగనాడన్నా తెల్లన్నం తినాలని గదరా మీ తాతలు ఏడ్సింది! మళ్ళా పండగనాడే తెచ్చి పెడితివే!"

ఈ మాట నన్ను తాకాల్సింది. తాకలేదు. జిమ్ములో నాకు ఛాతీ అంత గట్టిపడింది మరి. ఈలోగా రెండో బంతిలోంచి ఒక మామ లేచి నిలబడి, ఎంతో వినయంగా అడిగాడు:

"అయ్యగారూ, చిన్న సందేహం. ఉపవాసం నిన్నటితో అయిపాయనా, ఇంకా ఉందా?"

ఒక్కసారిగా నవ్వులు. ఆ నవ్వుల చాటున మగవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. చర్చి వెనక బండ్లు స్టార్టయిన చప్పుడు. ఎటు పోతున్నాయో అడగనక్కర్లేదు, మెయిన్‌రోడ్డు మీద బిర్యానీ హోటలు ఉంది. ఆడవాళ్ళు పిల్లల చేతులు పట్టుకుని, "ఇంటికాడ గుడ్డన్నా పొరుటుతా పాండి" అంటూ కదిలారు. గిన్నెలు నిండుగానే ఉన్నాయి. గరిటె పట్టుకుని నిలబడ్డ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై రోజులు ఆగిన జనం నోటికాడి ముద్ద లాగేశానన్న సంగతి అప్పటికి గానీ బుర్రకెక్కలేదు.

అప్పుడు వచ్చాడు నాయన.

ఖాళీ బంతిలో, సరిగ్గా మధ్యలో, ఒక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. విస్తరి సర్దుకున్నాడు. "వెయ్యిరా" అన్నాడు.

వేశాను. తిన్నాడు. వెళ్ళిపోతున్న వాళ్ళకు వినిపించేట్టు, "అబ్బ, ఏం బాగుందిరా!" అన్నాడు. "ఇంకొంచెం వెయ్యి."

వేశాను. అదీ తిన్నాడు. మొలకలు అడిగాడు. కూరగాయలు అడిగాడు. "మార్తమ్మా, చానా బాగ జేసినావు!" అన్నాడు. అత్త నోరు తెరిచి చూస్తోంది. అమ్మ దూరం నుంచి నాకు కళ్ళతో సైగలు చేస్తోంది. కొడుకు నలుగుర్లో నవ్వులపాలు కాకూడదని నాయన ఆ గిన్నెలు ఖాళీ చేయడానికి కూర్చున్నాడు. ఎవరు తక్కువ తినాలని నేను ఊరి నోరు కట్టేశానో, ఊరంతటిలో ఆయనొక్కడే తింటున్నాడు. ఊరందరి వాటా తింటున్నాడు!

చెమటలు కారుతున్నాయి ఆయనకు. ముద్ద దిగడం లేదు. అయినా చెయ్యి చాచాడు. "ఇంకొక్క గరిటె."

"చాలు నాయనా! తినొద్దు!" అని అరిచాను.

వెళ్ళేవాళ్ళు ఆగారు.

"ఏంరా? బాగనే ఉందిగదా?"

"నువ్వు జాస్తి తింటాండావనే గదా ఇదంతా చేయించింది! పెదనాయన మాదిరి నువ్వు గూడా పడిపోతావని భయమేసి..." గరిటె చేతిలోనే ఉంది, ముక్కు తుడుచుకుందామంటే దారి లేదు.

మార్తమ్మత్త తేరుకుని, "ఓరి నీ ఇల్లు బంగారం గాను! ఒక్క మనిషికి చెప్పలేక ఊరందరి నోరు గొట్టినావా?" అంది.

నాయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఇంటి దారి పట్టాడు. ఇల్లు చేరేదాకా నేను ఆయన వెనకాలే దొంగలా నడిచాను.

సాయంత్రం ఎండ తగ్గాక పిలిచాడు. "సామేలూ, కడుపు రాయి మాదిరి బిగిసింది. కొంచెం నడిస్తే గానీ తగ్గేట్టు లేదు. పా." అమ్మ కూడా చెప్పులేసుకుంది. ఆ వేడుక చూడాలని రూతు కూడా వచ్చింది. కందిచేల పక్క మట్టిబాట మీద నలుగురం నడిచాం. డాక్టరు చెప్పిన ఇంటిల్లిపాది నడక మా ఇంట్లో అట్లా మొదలైంది, అజీర్తి పుణ్యమా అని.

"నా మొహాన్నే చెప్పొచ్చు గదరా" అన్నాడు కొంచెం దూరం పోయాక.

"ఎట్ల చెప్పేది నాయనా? మాకు పెట్టి నువ్వు పస్తుండేవాడివి. అట్లాంటోడివి నాలుగు ముద్దలు తింటాంటే వద్దని ఎట్ల అనేది?"

నాయన బాట మీది రాయిని చెప్పుతో పక్కకు నెట్టాడు. తర్వాత, "అప్పుడు మానుకునింది ఎవరి కోసరం?" అన్నాడు.

"మాకోసరం."

"ఇప్పుడు గూడా మీకోసరమే అని ఒక్క మాట జెప్పుంటే, మానుకోనా?"

రూతు ముందుకు పరిగెత్తింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బాట వైపు చూస్తూ నడిచాను.

ఆ తర్వాత మా ఇంట్లో నూనె తగ్గింది, ఆకుకూర పెరిగింది. కొర్రన్నం కూడా వచ్చింది, పండగనాడు కాదు, మామూలు రోజుల్లో, పప్పుచారు పోసుకుని. బజ్జీలు పూర్తిగా మానలేదు లెండి, నలుగురికి ఒక పొట్లం. నాయన సాయంత్రం నడక మానడు. వర్షం వస్తే వసారాలో అటూ ఇటూ తిరుగుతాడు. రెండు వారాలకు ఊరికి బాకీపడ్డ పలావు పెట్టించి నా తప్పు కడుక్కున్నాను. ఆ రోజు అత్త గరిటె తెచ్చి "ఉప్పు చూడన్నా" అంది. చూశాడు. రెండోసారి చెయ్యి చాచబోయాడు. షామియానా కింద పెద్దా చిన్నా అంతా ఒక్క గొంతుతో, "చాలు నాయనా! తినొద్దు!" అని అరిచారు. రాహేలవ్వ గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది.

ఇప్పుడు జిమ్ము లేదు. నాకే చిన్న పొట్ట వచ్చింది. ఒకప్పుడు గుమ్మంలోకి ముందు నేనొచ్చేవాణ్ణి, ఇప్పుడు ముందు పొట్ట వస్తోంది. మొన్న రెండోసారి అన్నం పెట్టుకోబోతుంటే నా ఆరేళ్ళ కూతురు నా చెయ్యి పట్టుకుని, "చాలు నాయనా. నువ్వు నాకు కావాల" అంది. అంతే. దానికి కమిటీ లేదు, సర్‌ప్రైజు లేదు, కొర్రల మూట లేదు. నేను నెలల తరబడి బుర్ర చించుకుని ఊరిని పస్తు పెట్టి చెప్పిన మాటను అది పప్పు కలుపుకుంటూ చెప్పేసింది. నేను గరిటె పక్కన పెట్టాను.

ఒట్టు పెట్టుకోకూడదని మా అయ్యగారు చెబుతారు. కనుక ఒట్టు కాదు, రాహేలవ్వ అరిగిన పండ్ల సాక్షిగా, మార్తమ్మత్త కట్టెపుల్ల సాక్షిగా ఒక మాట ఇస్తున్నాను. నేను బతికున్నంత కాలం ఏ పండగకీ వంట గిన్నె మూత ముట్టను. ఎవరిని తినొద్దనాలన్నా వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ చెవిలోనే, ఎందుకు వద్దో కూడా చెబుతాను. ఈ ప్రతిజ్ఞ మా సంఘంలో చదివి వినిపిస్తే జనం ఏకగ్రీవంగా ఆమోదించారు. "ఆమెన్" అన్నంత గట్టిగా ఈస్టరు పాటలు కూడా ఎప్పుడూ పాడలేదు వాళ్ళు.