రోగం మీద ఈగ

ఆ రోజుల్లో మా ఊరి చదువుకున్న కుర్రాళ్ళందరినీ ఒకేసారి చూడాలంటే బెంగళూరు రైలు తలుపు దగ్గరికి వెళితే సరిపోయేది. అందరూ అక్కడే ఒంటికాలి మీద కనిపించేవారు. బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్‌లో భూమి కిందికి దిగే పని పోయింది, రైల్లో నిలబడే పని మిగిలింది. బీకాం పాసైన నేను కూడా ఎనిమిది నెలలు శ్రద్ధగా నిలబడ్డాను. (రెండు రోజులు కూర్చున్నాను కూడా. అందులో ఒకటి రైలు రద్దయిన రోజు, ప్లాట్‌ఫారం మీద.) అందుకే ఆండర్సన్‌పేటలో మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో, బియ్యం పప్పుల శెట్టిగారు తన అంగడి మేడ మీద అమెరికా డాక్టర్ల మాటలు టైపు చేసే ఆఫీసు తెరిచారని వినగానే నాకు జీవితంలో మొదటిసారి ఒక ఆశయం కలిగింది. కూర్చుని ఉద్యోగం చేయాలి. ఇంతకంటే పెద్ద ఆశయం ఆ తర్వాత కూడా కలగలేదు.

పని చెప్పుకోవడానికి సులువే. అమెరికాలో డాక్టరు రోగిని చూసి, చూసిందంతా ఒక యంత్రంలోకి గొణుగుతాడు. ఆ గొణుగుడు మా చెవుల్లోకి వస్తుంది. కాలికింద పెడల్ తొక్కుతూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ దాన్ని మేము అక్షరాల్లో పెట్టాలి. ఆయన చెప్పింది రాయాలి, చెప్పనిది రాయకూడదు. ఈ నియమాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించారు కాబట్టి ఎవరూ చదవలేదు. పెడల్ బాగా తొక్కడానికీ, కంప్యూటర్ల మీద దుమ్ము పడకూడదనే శెట్టిగారి భక్తికీ కలిపి, చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్ళాలనే ఆచారం ఉండేది. ఈ చెప్పుల సంగతి కాస్త గుర్తుంచుకోండి. నా భవిష్యత్తు కొంతకాలం వాటి మీదే నడిచింది.

మేము రాసింది సరిచూడటానికి ఇద్దరు పెద్దలుండేవారు. ఒకరు రూల్సు సారు. బెంగళూరులో ఆరు వారాలు శిక్షణ పొంది, ఒక లావుపాటి స్పైరల్ పుస్తకంతో తిరిగి వచ్చి, ఆ పుస్తకాన్ని చంకలోంచి దించకుండా తిరిగేవాడు. రెండోవారు టీచరమ్మ. గనుల స్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లిషు చెప్పి రిటైరైన మనిషి, మా ఆఫీసులో సగం చెవులు ఆమె మెలిపెట్టినవే. వీళ్ళిద్దరికీ గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఇంగ్లిషులో కొన్ని రోగాలకు వాటిని కనిపెట్టిన డాక్టర్ల పేర్లు పెడతారు. పార్కిన్సన్ అనే ఆయన ఒక వణుకుడు జబ్బు గురించి రాశాడు గనక అది పార్కిన్సన్ గారి జబ్బయింది. ఆ 'గారి'ని చూపించడానికి పేరు చివర, పైన, ఒక చిన్న కామా లాంటి గుర్తు పెడతారు. ఆ గుర్తు ఉండాలని టీచరమ్మ, తీసెయ్యాలని సారు పుస్తకం. మా పక్కసీటక్క తెరమీద దాన్ని చూసి, "ఇదేందప్పా, జబ్బు మీద ఈగ వాలినట్ల ఉండాది" అన్నది. ఆ రోజు నుంచి దాని పేరు ఈగ. మేమంతా ఈగ పెట్టేవాళ్ళు, ఈగ తోలేవాళ్ళు అని రెండు పార్టీలుగా చీలిపోయాం.

"పార్కిన్సన్‌కి ఆ జబ్బు ఉండిందా మేడం? లేదు గదా. కొనుక్కోనూ లేదు. ఇంగ ఆయనది ఎట్లయితాది?" అనేవాడు సారు, పుస్తకం తడుతూ.

"నువ్వు పుట్టక ముందునుంచీ అది ఆయనదే. ముప్ఫై ఏండ్లు నా బోర్డు మీద అట్లనే రాసినాను. నీ ఆరు వారాల పుస్తకం వచ్చిందని తుడిచేసేదా?"

"లోకం మారిపోయింది మేడం."

"రోగం మారలేదు గదప్పా."

చివరికి పంచాయితీ కింద అంగట్లో ఉన్న శెట్టిగారి దగ్గరికి పోయింది. ఆయన కందిపప్పు తూచడం ఆపకుండానే అంతా విన్నారు. "పప్పు పొట్టుతో అడిగితే పొట్టుతో ఇస్తాను, పొట్టు తీసింది అడిగితే తీసింది ఇస్తాను. అమెరికా వాళ్ళు ఏది అడుగుతుండారప్పా?" అన్నారు. ఈ ప్రశ్న అంతవరకూ ఎవరికీ తట్టలేదు. తట్టాక కూడా అమెరికాను ఎవరూ అడగలేదు. అడిగితే ఇద్దరిలో ఒకరు ఓడిపోతారు, ఆ ప్రమాదం ఇద్దరికీ ఇష్టం లేదు. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే మిషన్ల చప్పుడు కూడా వినపడటం లేదని శెట్టిగారు రోజుకొకరిని పిలవడం మొదలుపెట్టారు. ఏ రోజు ఎవరనేది పొద్దున ఆయన ఫోను చేసేదాకా వాళ్ళకే తెలియదు, ఇంక మాకేం తెలుస్తుంది?

ఇక్కడే నా చదువు అక్కరకొచ్చింది. సారువి గోధుమరంగు తోలు చెప్పులు, ఎడమదానికి పిన్నీసు. టీచరమ్మవి షుగరున్నవాళ్ళు వేసుకునే మెత్తటి నల్ల చెప్పులు. మెట్లెక్కి వాకిట్లో చూడగానే ఆ రోజు పార్కిన్సన్‌కు హక్కు ఉందో లేదో నాకు తెలిసిపోయేది. పిన్నీసు కనిపిస్తే ఈగలన్నీ తోలేసేవాణ్ణి, నల్ల చెప్పులు కనిపిస్తే వరుసగా వాల్చేవాణ్ణి. నాకు సొంత అభిప్రాయం లేదని కొందరన్నారు. ఉన్న అభిప్రాయం వారానికి నాలుగుసార్లు మారితే సొంతానికి మిగిలేది తక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. ఆలస్యంగా వచ్చే పక్కసీటక్క కుర్చీ లాక్కుంటూ, "ఈ పొద్దు ఎవురి చెప్పులప్పా?" అని గుసగుసగా అడిగేది. నేను గాలిలో ఒక ఈగను తోలి చూపించేవాణ్ణి, లేదా ముక్కు మీద వాలనిచ్చేవాణ్ణి.

పెద్దలిద్దరి ఎర్ర సిరా పెన్నులకు ఆ ఈగ తప్ప ఇంకేదీ కనిపించేది కాదు. ఒకసారి ఎడమ మోకాలు అనవలసిన చోట కుడి మోకాలు అని కొట్టాను. సారు పెన్ను ఆ మోకాలి మీదుగా హాయిగా నడిచిపోయి, పేజీ అడుగున దాక్కున్న ఒక ఈగను పట్టుకుని చుట్టూ మూడు సున్నాలు చుట్టింది. మోకాలిని పక్కసీటక్క చూసి సరిచేసింది. ఆమెకు పెన్ను ఇవ్వలేదు, తెలివి మాత్రం ఉండేది. ఆఫీసులో ఈ రెండూ ఒకరి దగ్గరే ఉండటం నేను ఈనాటికీ ఎక్కువగా చూడలేదు.

ఇంట్లో మా నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన చాంపియన్ రీఫ్స్ గనిలో వైండింగ్ ఇంజన్ తోలినవాడు. మనుషుల్ని షాఫ్టులోకి దించి పైకి తెచ్చే ఇనుప బోను ఆయన చేతి మీద నడిచేది. కింద గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టి ఆపడమో, తిప్పడమో చేయాలి.

"అయితే ఆ రోగం ఎవురిదంట?" అన్నాడు కాఫీ చల్లార్చుకుంటూ.

"అదే నాయనా గలాటా. కనిపెట్టిన దొరదని టీచరమ్మ, కాదని సారు."

"వచ్చినోడిని అడిగినారా?"

"ఎవుర్ని?"

"జబ్బు వచ్చినోడిని."

"వాళ్ళు మాకు కనపడరు నాయనా. వట్టి గొంతే వినపడేది, అదీ డాక్టరుది."

"మాకూ కనపడేవాళ్ళు కాదప్పా. గంట ఒకటే వినపడేది. కింద మనిషుండాడని మాత్రం తెలుసు" అని కాఫీ తాగేశాడు. పాతకాలం మనిషి, ఆధునిక వృత్తుల సూక్ష్మాలు తెలియవని నేను మనసులోనే క్షమించేశాను.

మూడు నెలల శిక్షణ చివర పరీక్ష. ఒకే ఒక్క రిపోర్టు టైపు చేయాలి. ఒక్క ఎర్ర సున్నా లేకుండా వస్తే ఉద్యోగం ఖాయం, ఒక్కటి పడినా మళ్ళీ బెంగళూరు రైలు తలుపు. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని మెట్లెక్కి, అలవాటుగా వాకిలి చూశాను. పిన్నీసు చెప్పులున్నాయి. పక్కనే నల్ల చెప్పులూ ఉన్నాయి. ఒకదాని మొహం ఒకటి చూడకుండా, తూర్పుకొకటి పడమరకొకటి తిరిగి ఉన్నాయి.

"శెట్టిగారు ఇద్దర్నీ పిలిపించినారప్పా. ఇద్దురూ సంతకం పెట్టాలంట. రేపు ఒకరి మీద ఒకరు చెప్పుకోకుండా" అన్నది పక్కసీటక్క, నా మొహం చూసి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. డాక్టరు గొంతు గంటలా స్పష్టంగా ఉంది. రోగి ఒక స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు పోయింది. పరీక్షలన్నీ చేశాను, బెల్స్ పాల్సీ, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది అన్నాడు. మళ్ళీ అన్నాడు. మొత్తం ఐదుసార్లు అన్నాడు. బెల్ అనే ఇంకొక దొర, ఆయన కూడా ఈగకు తగినవాడే. పెడితే సారు సున్నా చుడతాడు, తీస్తే టీచరమ్మ చుడుతుంది. పెడల్ మీద నా పాదం చెమట పట్టి జారుతోంది. కళ్ళముందు రైలు తలుపు. అప్పుడు నాకొక మహత్తరమైన ఉపాయం తోచింది. అసలు దొర పేరే లేకపోతే? ఐదు చోట్లా ఆయన్ని తీసేసి, మూతి వంకర పోయింది గదా అని, పక్షవాతం అని కొట్టేశాను. రెండూ ఒకటే కదా అనుకున్నాను. బీకాంలో ఈ పాఠం లేదు.

ఇద్దరు పెద్దలూ చెరో ఎర్ర పెన్నుతో రిపోర్టు మీదికి వంగారు. ఈగ కోసం పైనుంచి కిందికి వెతికారు, కిందినుంచి పైకి వెతికారు. పట్టుకోవడానికీ లేదు, పెట్టడానికీ లేదు.

"మంచి భాష" అన్నది టీచరమ్మ.

"రూల్సు ప్రకారం ఉండాది" అన్నాడు సారు.

ఆ ఆఫీసు చరిత్రలో ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. శెట్టిగారు సంతోషపడి మైసూరుపాకు పొట్లం ఇచ్చారు. నేను ఇంటికి వెళ్ళి, కూర్చుని తిన్నాను.

నాలుగో రోజు డాక్టరు దగ్గర నుంచి మెయిలొచ్చింది. "నేను పక్షవాతం అనే మాటే అనలేదు. అది మెదడుకు వచ్చేది, ఇతనిది మొహం నరం వాపు మాత్రమే. ఈ కాగితం మీద నేను సంతకం పెట్టి ఉంటే ఈ మనిషిని ఇంక బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. ఇది ఎలా జరిగింది?" అని. శెట్టిగారు పెద్దలిద్దర్నీ పిలిపించి, మెయిలు పట్టుకుని మేడమీదికి వచ్చారు. సారు టీచరమ్మ వైపు చూశాడు. టీచరమ్మ సారు వైపు చూసింది. మూడు నెలల్లో వాళ్ళు గొడవ పడకుండా ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. "ఆడియో బాగలేదు" అన్నారిద్దరూ ఒక్కగొంతుతో. కాగితం మీద ఇద్దరి సంతకాలున్నాయి మరి. నన్ను తప్పుపడితే వాళ్ళూ మునుగుతారు. అంత గట్టి ఉద్యోగ భద్రత నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఇంటికొచ్చి ఈ విజయగాథను మా నాయనకు వినిపించాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"బస్సు తోలుతుండాడా?" అన్నాడు.

"ఎవురు నాయనా?"

"ఆ డ్రైవరు."

"తెలీదు. మా ఆఫీసులో ఎవురూ అడగలేదు."

"కనుక్కో" అన్నాడు. అంతే. ఇంజన్ తోలిన మనిషి, ఒకసారి కంటే ఎక్కువ చెప్పే అలవాటు లేదు.

మరునాడు నేను డాక్టరుకు సొంతంగా ఒక మెయిలు రాశాను. ఆడియో చక్కగా ఉందనీ, చెడిపోయింది నేనేననీ, ఈగకు భయపడి మీ జబ్బును మార్చాననీ, ఆ డ్రైవరు బస్సు తోలుతున్నాడో లేదో దయచేసి చెప్పమనీ రాశాను. (ఇంగ్లిషులో కూడా ఈగ అనే రాశాను. కంగారులో వివరించడం మరిచాను.) పంపించాక సంచి సర్దుకుని, రైలు పాసు ఇంకా జేబులో ఉందో లేదో చూసుకుని కూర్చున్నాను. డాక్టరు జవాబు నేరుగా శెట్టిగారికి వచ్చింది. ఆయన పెద్దలిద్దర్నీ మళ్ళీ పిలిపించి దాన్ని అందరి ముందూ చదివించారు. "తోలుతున్నాడు. మూతి కూడా మెల్లగా సర్దుకుంటోంది. నిజం చెప్పిన ఈ కుర్రాడినే ఇకమీద నా రిపోర్టులకు పెట్టండి. ఇంతకీ ఈగ ఏమిటి?" శెట్టిగారు ఈగ సంగతి వివరంగా రాయించి పంపించారు. దానికి ఒక్క ముక్క జవాబొచ్చింది. అలాంటి గుర్తు ఒకటుందని ఆయన ఎప్పుడూ గమనించనేలేదట.

 టీచరమ్మ నిట్టూర్చింది. "డాక్టర్లకి ఇంగ్లిషు రాదప్పా" అన్నది. "నిజమే మేడం, శిక్షణ లేదు" అన్నాడు సారు. ఇద్దరూ మూడోసారి ఏకీభవించి, ఎర్ర పెన్నుల మూతలు తీసి, మళ్ళీ ఈగల వేటలో పడ్డారు.

ఆఫీసు ఎప్పుడో మూతపడి, ఆ మేడ మీద ఇప్పుడు ఎండుమిరపకాయల మూటలున్నాయి. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళకు ఈనాటికీ కళ్ళనీళ్ళు వస్తాయి. నేను మళ్ళీ బెంగళూరు రైలెక్కాను, తల నెరిసింది గనక అప్పుడప్పుడు ఎవరో లేచి సీటిస్తున్నారు. డాక్టర్ల గొణుగుడు ఇప్పుడు యంత్రమే విని యంత్రమే రాసుకుంటుంది, నేను దాని తప్పులు దిద్దుతాను. మొదటి రోజు దాని సెట్టింగుల్లో ఒక చిన్న గడి కనిపించింది. టిక్కు పెడితే ఈగలన్నీ వాలతాయి, తీసేస్తే అన్నీ ఎగిరిపోతాయి. మా మూడు నెలల యుద్ధం ఆ గడిలో పట్టేసి, ఇంకా చోటు మిగిలింది. నా తల దానంతటదే వాకిలి వైపు తిరిగింది, ఎవరి చెప్పులున్నాయా అని. కానీ ఈ ఆఫీసులో అందరూ బూట్లతోనే లోపలికి వచ్చేస్తారు. ఎవరి ముందు ఏమనాలో ముందుగా తెలిసే దారి లేక, ఈ వయసులో నేను అప్పుడప్పుడు నిజమే చెప్పేస్తున్నాను.